యూనిట్ – 9 : తొలి బోన్సాయ్‌కు చెట్టు ఎంపిక – ఒక చారిత్రక పరిశీలన

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 చైనా, జపాన్: చలిదేశపు చెట్ల కళ
9.3 వెచ్చని నేలల్లో వచ్చిన మార్పు
9.4 పడమటి దేశాలు, పుస్తకాల జాబితా
9.5 గోదావరి డెల్టా: చెట్ల రాకపోకలు
9.6 మొగల్తూరు: నేల, నీరు, గాలి
9.7 తొలి చెట్టు ఎంపిక
9.8 సారాంశం
9.9 పారిభాషిక పదాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• బోన్సాయ్ కళ ఒక దేశం నుంచి మరొక దేశానికి వ్యాపించిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• ఆ కళ కొత్త నేలకు చేరిన ప్రతిసారీ చెట్ల జాతులు ఎందుకు మారాయో చెప్పగలుగుతారు.
• గోదావరి డెల్టాలో మొక్కల పెంపకం చరిత్రను స్థూలంగా తెలుసుకుంటారు.
• మొగల్తూరు వంటి తీరప్రాంత గ్రామంలో తొలి బోన్సాయ్‌కు తగిన చెట్టును కారణాలతో సహా ఎంపిక చేయగలుగుతారు.

9.1 పరిచయం

లోతు తక్కువ కుండీలో చెట్టును ఏళ్ల తరబడి పెంచుతూ, కొమ్మలను, వేళ్లను కత్తిరిస్తూ, పెద్ద చెట్టు రూపాన్ని చిన్న పరిమాణంలో నిలిపే కళను బోన్సాయ్ అంటారు. జపాన్ భాషలో 'బోన్' అంటే పళ్లెం, 'సాయ్' అంటే నాటడం. మన దేశంలో దీనిని వామన వృక్ష కళ అని కూడా పిలుస్తున్నారు. ఇక్కడ ఒక అపోహను ముందే తొలగించుకోవాలి. బోన్సాయ్ అనేది ఒక చెట్టు జాతి పేరు కాదు. దానికి ప్రత్యేకమైన విత్తనాలు ఉండవు. నేలలో నాటితే ఆకాశాన్ని అంటే మర్రి కూడా, కుండీలో పెట్టి క్రమం తప్పకుండా కత్తిరిస్తే బోన్సాయ్ అవుతుంది.

అయితే ఏ చెట్టుతో మొదలుపెట్టాలి? కొత్తగా ఈ కళను చేపట్టేవారందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది బొమ్మల్లో చూసిన జునిపర్‌నో, పైన్ చెట్టునో కోరుకుంటారు. దూరం నుంచి డబ్బు పెట్టి తెప్పించుకుంటారు. కొన్ని నెలలకే ఆకులు రాలి చెట్టు ఎండిపోతే, తమ చేతిలో మొక్క బతకదని నిరాశపడి ఆ పనినే వదిలేస్తారు. నిజానికి లోపం చేతిలో లేదు, ఎంపికలో ఉంది. ఆ ఎంపిక వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఈ యూనిట్‌లో ఆ చరిత్రను పరిశీలించి, అది గోదావరి తీరంలోని విద్యార్థికి ఏ విధంగా ఉపయోగపడుతుందో తెలుసుకుందాం.

9.2 చైనా, జపాన్: చలిదేశపు చెట్ల కళ

పళ్లెంలో చిన్న ప్రకృతి దృశ్యాన్ని అమర్చే అలవాటుకు దొరికిన స్పష్టమైన తొలి ఆధారాలలో ఒకటి చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో ఉంది. తాంగ్ వంశానికి చెందిన జాంగ్‌హువాయ్ యువరాజు సమాధి 706వ సంవత్సరం నాటిది. 1970ల ప్రారంభంలో దానిని తవ్వినప్పుడు గోడలపై చిత్రాలు బయటపడ్డాయి. వాటిలో ఒక పరిచారిక చిన్న రాళ్లు, మొక్కలు అమర్చిన పళ్లెం పట్టుకొని నిలబడి ఉంటుంది. రాజకుటుంబపు సమాధిలో ఈ దృశ్యం కనిపించడాన్ని బట్టి అప్పటికే ఇది సంపన్నుల ఇళ్లలో గౌరవం పొందిన వస్తువు అని గ్రహించవచ్చు.

ఈ కళ చైనా నుంచి జపాన్‌కు చేరింది. 1309లో తయారైన 'కాసుగా గొంగెన్ గెంకి' అనే చిత్రపట్టంలో కుండీల్లో పెంచిన చిన్న చెట్లు కనిపిస్తాయి. 'హచినోకి' అనే నోహ్ నాటకం కూడా మనకు ఉపయోగపడే సాక్ష్యమే. ఆ పేరుకు కుండీలోని చెట్టు అని అర్థం. మంచు కురుస్తున్న రాత్రి ఒక సన్యాసి పేద యోధుడి ఇంటికి వస్తాడు. అతిథికి చలి కాచుకోవడానికి కట్టెలు లేక, ఆ యోధుడు తాను ప్రాణంగా పెంచుకున్న మూడు కుండీ చెట్లను నరికి మంట వేస్తాడు. అవి ప్లమ్, చెర్రీ, పైన్. ఈ మూడూ జపాన్ కొండల్లో, పెరళ్లలో పెరిగే చెట్లే. అంటే జపాన్ పెంపకందారు కూడా తన వాకిట్లో ఉన్న చెట్టునే కుండీలోకి తెచ్చుకున్నాడు. పైన్ చెట్టుకు ఆ కళలో అగ్రస్థానం దక్కడానికి కారణం అది అక్కడి చెట్టు కావడమే.

1923 సెప్టెంబరులో వచ్చిన కాంతో భూకంపం టోక్యోను నాశనం చేసింది. నగరంలోని బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి నేల, నీరు, గాలి వెతుక్కుంటూ ఓమియా ప్రాంతానికి తరలి, 1925లో అక్కడ బోన్సాయ్ గ్రామాన్ని స్థాపించారు. పూర్తి నైపుణ్యం ఉన్నవారు సైతం నేల, నీటి విషయంలో రాజీ పడలేదన్నది ఇక్కడ గమనించదగిన అంశం.

9.3 వెచ్చని నేలల్లో వచ్చిన మార్పు

చైనా విశాలమైన దేశం. ఉత్తరాన మంచు కురిస్తే, దక్షిణాన ఉన్న గ్వాంగ్‌జౌ ప్రాంతంలో వేడి, తేమ ఎక్కువ. ఉత్తరాదిలో పైన్ కొమ్మలను తాళ్లతో, తీగలతో వంచి నెమ్మదిగా రూపం దిద్దేవారు. దక్షిణాన చెట్లు ఏడాది పొడవునా చిగురిస్తాయి. తీగ చుట్టిన కొమ్మ త్వరగా లావెక్కి, తీగ బెరడులోకి దిగిపోతుంది. అందుకే 20వ శతాబ్దంలో లింగ్నాన్ శైలి అని పేరుపొందిన పద్ధతిలో తీగ కంటే కత్తెరకే ప్రాధాన్యం ఇచ్చారు. కొమ్మను పెరగనిచ్చి, కత్తిరించి, తిరిగి చిగురు వచ్చే దిశను ఎంచుకొని, మళ్లీ పెరగనివ్వడం ఈ పద్ధతి. జాతులు కూడా మారాయి. జువ్వి కుటుంబపు చెట్లు, ఫుకియెన్ టీ వంటి వెచ్చని ప్రాంతపు మొక్కలు ముందుకు వచ్చాయి. హాంగ్‌కాంగ్‌కు చెందిన వూ యీ-సన్ 1969లో ప్రచురించిన పుస్తకం ద్వారా ఈ పద్ధతి ఇంగ్లీషు పాఠకులకు పరిచయమైంది.

థాయ్‌లాండ్‌లో 'మాయ్ దత్' అనే పేరుతో చెట్లను వంచి రూపం దిద్దే సంప్రదాయం ఉంది. బ్యాంకాక్ రాజప్రాసాదపు తోటల్లో ఆ చెట్లను నేటికీ చూడవచ్చు. వాటికి ఎక్కువగా వాడే చెట్టును అక్కడ 'ఖోయ్' అంటారు. ఇది తెలుగువారికి కొత్త చెట్టు కాదు. మన పొలం గట్ల మీద, కంచెల్లో గరుకు ఆకులతో పెరిగే బరివెంక ఇదే. ఒకచోట రాజుల తోటకు అలంకారమైన చెట్టు మరొకచోట ఎవరి కంటికీ ఆనని కంచె చెట్టుగా ఉండిపోవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) 'హచినోకి' నాటకంలోని మూడు చెట్లు ఏవి? అవి ఏ విషయాన్ని సూచిస్తాయి?
ఆ) లింగ్నాన్ శైలిలో తీగకు బదులు కత్తెరకు ప్రాధాన్యం ఎందుకు వచ్చింది?

9.4 పడమటి దేశాలు, పుస్తకాల జాబితా

19వ శతాబ్దం చివరి భాగంలో పారిస్‌లో, 1910లో లండన్‌లో జరిగిన ప్రదర్శనల ద్వారా ఐరోపా ప్రజలు జపాన్ కుండీ చెట్లను చూశారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ ఆసక్తి బాగా పెరిగింది. యూజీ యోషిమురా, జొవానా హాల్ఫర్డ్ కలిసి రాసిన పుస్తకం 1957లో వెలువడి, ఇంగ్లీషు చదివేవారికి ఈ పనిని పద్ధతిగా నేర్పింది. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన సందర్భంగా జపాన్ 53 బోన్సాయ్‌లను ఆ దేశానికి బహూకరించింది. వాటిలో 1625 నుంచి పెంపకంలో ఉన్న ఒక తెల్ల పైన్ ఉంది. 1945లో హిరోషిమా మీద పడిన అణుబాంబును తట్టుకొని బతికిన చెట్టు అది. 1984లో విడుదలైన 'ది కరాటే కిడ్' చలనచిత్రం బోన్సాయ్‌ను యువతరానికి మరింత దగ్గర చేసింది.

ఈ పుస్తకాలు, బహుమతులు, సినిమాల వల్ల ప్రపంచమంతటా ఒక బొమ్మ స్థిరపడింది. బోన్సాయ్ అంటే పైన్, జునిపర్, మేపుల్ అనే భావన అలా ఏర్పడింది. జపాన్‌కు, అమెరికాలోని చాలా ప్రాంతాలకు, ఐరోపాకు శీతకాలం ఉంది. కాబట్టి అక్కడి రచయితలు తమ చెట్ల జాబితాను ఇచ్చారు. అందులో తప్పేమీ లేదు. ఆ జాబితాను సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులో, మంచు ఎరుగని డెల్టాలో ఉన్నవారు యథాతథంగా అనుసరించినప్పుడే చిక్కు వస్తుంది. జునిపర్, పైన్ వంటి చలిప్రాంతపు జాతులకు ఏటా చల్లని విశ్రాంతి కాలం కావాలి. అది దొరకనప్పుడు చెట్టు వెంటనే చావదు. నిల్వ ఉన్న శక్తితో కొంతకాలం పచ్చగానే కనిపించి, క్రమంగా నీరసించి ఎండిపోతుంది. అందుకే కొన్నవారికి కారణం అంతుపట్టదు.

జాతుల జాబితాతో పాటు పంచాంగం కూడా అరువు వచ్చింది. చలిదేశాల పుస్తకాలు మొగ్గలు విచ్చడానికి ముందు, అంటే చలికాలం ముగిసే వేళ, వేళ్లు కత్తిరించి కుండీ మార్చమంటాయి. మన ప్రాంతంలో ఆ వెంటనే మండే ఎండలు మొదలవుతాయి. జువ్వి, రావి వంటి చెట్లకు ఇక్కడ తొలకరి తరువాత జూన్, జులై నెలలు అనుకూలం. గాలిలో తేమ పెరిగి, కత్తిరించిన వేళ్లు త్వరగా కోలుకుంటాయి.

9.5 గోదావరి డెల్టా: చెట్ల రాకపోకలు

డెల్టాకు కుండీ మొక్కల మీద ఆసక్తి నిన్నమొన్న పుట్టింది కాదు. ఈ ప్రాంతపు చెట్లను శాస్త్రీయంగా నమోదు చేసినవారిలో ముఖ్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఆయన 1781 నుంచి నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఉండి, అక్కడ ప్రయోగాత్మక తోట పెంచాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. ఆయన మొక్కల తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. సోమిద చెట్టు తెలుగు పేరే తరువాత దాని శాస్త్రీయ ప్రజాతి నామంగా స్థిరపడింది.

ఇదే గ్రంథంలో సీమచింత కూడా ఉంది. దాని స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా. సముద్రం దాటి వచ్చిన చెట్టని తెలుగువారు పేరులోనే 'సీమ' చేర్చి గుర్తు పెట్టుకున్నారు. అది ఇక్కడ ఎంతగా ఇమిడిపోయిందంటే, శాస్త్రీయ నామం పెట్టే నాటికి కోరమాండల్ తీరపు మొక్కల్లో ఒకటిగా చోటు సంపాదించుకుంది. కాబట్టి 'స్థానిక చెట్టు' అనే మాటను పుట్టుక ఆధారంగా మాత్రమే నిర్ణయించలేం. ఈ నేల, నీరు, ఎండలకు తట్టుకొని ఎవరి సాయం లేకుండా తరాలుగా బతుకుతున్న చెట్టునే పెంపకందారు తన ప్రాంతపు చెట్టుగా భావించవచ్చు.

1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది. కాలువలు డెల్టా స్వరూపాన్నే మార్చాయి. ఏడాదిలో ఎక్కువ కాలం నీరు, ఒండ్రునేల, రవాణా మార్గం ఉన్నచోట తోటలు వెలిశాయి. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక, వీరవరం గ్రామాల్లో నర్సరీలు విస్తరించి, దేశంలోని అనేక రాష్ట్రాలకు లారీల్లో మొక్కలు పంపే స్థాయికి ఎదిగాయి. ఈ ఎదుగుదలలో పల్లా వెంకన్న పేరు ప్రసిద్ధం. నేడు అక్కడ జువ్వి జాతి బోన్సాయ్‌లు, కాగితం పూల చెట్లు, ఎడారి గులాబీలు అమ్మకానికి దొరుకుతాయి. మైసూరులోని అవధూత దత్తపీఠంలో ఉన్న కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం కూడా దక్షిణాదిలో ఈ కళకు ఆదరణ పెంచింది.

9.6 మొగల్తూరు: నేల, నీరు, గాలి

ఒకప్పుడు జమీందారీ కేంద్రమైన మొగల్తూరు పశ్చిమ గోదావరి జిల్లాలో నర్సాపురం దగ్గర, సముద్రతీరానికి చేరువలో ఉంది. పేరుపాలెం తీరం ఈ మండలంలోనిదే. కడియానికి, మొగల్తూరుకు గోదావరి నీరే ఆధారమైనా పరిస్థితులు ఒకటి కావు. కడియం కాలువల మొదట్లో ఉంటే, మొగల్తూరు పశ్చిమ డెల్టా శివారులో ఉంది. అందుచేత కడియంలో బాగా పెరిగిన మొక్క ఇక్కడికి వచ్చాక మూడు పరీక్షలు ఎదుర్కొంటుంది.

మొదటిది నీరు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మంచినీటికి ఇబ్బంది వస్తుంది. తీరానికి దగ్గరలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. కుండీలో మట్టి తక్కువ కాబట్టి నీరు ఆవిరైన ప్రతిసారీ ఉప్పు మిగిలి పేరుకుంటుంది. ఆకుల అంచులు మాడడం దానికి గుర్తు. రెండోది గాలి. సముద్రపు గాలిలో ఉప్పు తుంపరలు ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లు వస్తాయి. మూడోది మట్టి. వరికి మేలు చేసే బంకమట్టి కుండీలో గట్టిపడి వేళ్లకు గాలి అందనివ్వదు. ఇటుక ముక్కలు, ఏటి ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం మేలు. ఈ ప్రాంతంలో సులభంగా దొరికే కొబ్బరి పొట్టును వాడదలిస్తే, మంచినీటితో పలుమార్లు కడిగి ఉప్పు పోగొట్టాలి.

9.7 తొలి చెట్టు ఎంపిక

పై చరిత్ర నుంచి తొలి చెట్టుకు నాలుగు ప్రమాణాలు తీసుకోవచ్చు. ఆ చెట్టు ఇక్కడి వాతావరణంలో ఆరుబయట బతకాలి. వేళ్లు, కొమ్మలు కత్తిరిస్తే తిరిగి చిగురించాలి. ఒకటి రెండు పొరపాట్లను క్షమించాలి. తక్కువ ఖర్చుతో దొరకాలి.

ఈ నాలుగింటికీ సరిపోయే మొదటి చెట్టు జువ్వి. దీనికి బలమైన కారణం ప్రకృతిలోనే ఉంది. మర్రి, రావి, జువ్వి ఒకే కుటుంబానికి చెందినవి. పక్షులు వాటి పండ్లు తిని విత్తనాలను తాటిమట్టల సందుల్లో, పాత గోడల పగుళ్లలో, బావి ఒరల మీద వేస్తాయి. అక్కడ గుప్పెడు మట్టి కూడా ఉండదు. వాన వస్తే తడి, లేకపోతే ఎండు. ఆ స్థితిలో మొలకెత్తి, ఏళ్ల తరబడి చిన్నగానే నిలిచి, అవకాశం దొరికినప్పుడు వేరు దింపడం ఈ జాతుల స్వభావం. తాటిచెట్టును చుట్టుకొని పెరిగిన రావిని డెల్టాలో చూడనివారు ఉండరు. అంటే కుండీలోని కొద్దిపాటి మట్టి ఈ చెట్లకు కొత్త కష్టం కాదు, పుట్టుకతో అలవాటైన స్థితి. జువ్వికి మిగతా రెండింటికంటే ఆకులు చిన్నవి, కొమ్మలు దట్టం. చిన్న కుండీలో పెద్ద చెట్టు భ్రమ కలగడానికి ఇది అవసరం. నర్సరీలో కొనేటప్పుడు కుండీ అందం కంటే మొదలు లావు, నేలపై వేళ్ల వ్యాప్తి, కింది కొమ్మలు చూడాలి.

రావి ఖర్చు లేకుండా దొరుకుతుంది. గోడ పగులులో మొలిచిన రావిని యజమాని అనుమతితో వేళ్లతో సహా తీస్తే గోడకూ రక్షణ, మీకూ మొక్క. దాని ఆకు పెద్దది, కాడ పొడవు కాబట్టి కాస్త పెద్ద కుండీ కావాలి. మర్రికి ఊడలు అందమే అయినా, ఆకు మందం, పరిమాణం వల్ల వెడల్పాటి పళ్లెం ఉన్నప్పుడే అది రాణిస్తుంది.

చింత ఓర్పు ఉన్నవారి చెట్టు. గింజ నాటితే మొలుస్తుంది, చిన్న చిన్న ఆకులు కుండీకి చక్కగా అమరుతాయి, బెరడు త్వరగా ముదురు రూపం పొందుతుంది. కానీ మొదలు లావెక్కడానికి చాలా ఏళ్లు పడుతుంది. అందువల్ల జువ్వితో పాటు అదే రోజు రెండు చింతగింజలు కూడా నాటుకోవడం మంచిది. కాగితం పూల చెట్టు కొమ్మ ముక్కతో వస్తుంది, ఎండను, కొంతమేర ఉప్పునూ తట్టుకుంటుంది. దాని వేళ్లు పెళుసు. కుండీ మార్చేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎడారి గులాబి పేరుకు తగ్గట్టు పొడినేల కోరుతుంది. మన వానాకాలంలో నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది.

పైన్ రూపమే కావాలని కోరుకునేవారికి తీరంలోనే సమాధానం ఉంది. గాలిని అడ్డుకోవడానికి సముద్రతీరాల్లో పెంచే సరుగుడు చెట్టు దూరం నుంచి పైన్‌లాగే కనిపిస్తుంది, ఉప్పు గాలిని తట్టుకుంటుంది. తైవాన్, ఇండోనేషియా పెంపకందారులు దానితో గొప్ప బోన్సాయ్‌లు తయారు చేశారు. అయితే దాని వేళ్లను ఒక్కసారిగా ఎక్కువ కత్తిరిస్తే కోలుకోదు. కనుక అది రెండో చెట్టుగా తగినది.

ఒక హెచ్చరిక. రిజర్వు అడవుల్లో, మడ అడవుల్లో మొక్కలు తవ్వడం చట్టవిరుద్ధం. తుపాను అలలకు అడ్డుగోడగా నిలిచే మడచెట్టును ఒక కుండీ కోసం తవ్వడం ఊరికే నష్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

అ) కడియంలో పెరిగిన మొక్క మొగల్తూరులో ఎదుర్కొనే మూడు పరీక్షలు ఏవి?
ఆ) జువ్వి జాతి చెట్లు కుండీకి సులభంగా అలవాటు పడడానికి ప్రకృతిలో కనిపించే కారణం ఏమిటి?

9.8 సారాంశం

కుండీలో చెట్టును పెంచే కళకు 8వ శతాబ్దం తొలినాళ్ల నాటి ఆధారం చైనాలో ఉంది. జపాన్ దానిని తన కొండచెట్లతో తీర్చిదిద్దింది. దక్షిణ చైనా, థాయ్‌లాండ్ ప్రజలు వెచ్చని నేలకు తగినట్లు చెట్లను, పద్ధతులను మార్చుకున్నారు. 20వ శతాబ్దపు పుస్తకాలు, సినిమాలు మాత్రం చలిదేశపు జాబితాను ప్రపంచమంతటికీ ప్రమాణంగా నిలిపాయి. ఈ కళ నిలదొక్కుకున్న ప్రతిచోటా పెంపకందారులు తమ ప్రాంతంలో బతికే చెట్టునే ఎంచుకున్నారన్నది ఈ చరిత్ర చెప్పే ముఖ్య విషయం. ఆ లెక్కన మొగల్తూరులో తొలి చెట్టు జువ్వి. తోడుగా చింత, ఆ తరువాత సరుగుడు. జపాన్ నుంచి మనం తెచ్చుకోవలసింది వారి చెట్టును కాదు, తమ చెట్టును ఎంచుకున్న వారి పద్ధతిని.

9.9 పారిభాషిక పదాలు

ఊడలు: మర్రి వంటి చెట్ల కొమ్మల నుంచి కిందికి దిగే వేళ్లు.
శివారు: కాలువ నీరు చివరగా చేరే ప్రాంతం.
ఒండ్రునేల: నదీ ప్రవాహం మోసుకొచ్చి పరచిన సారవంతమైన నేల.
విశ్రాంతి కాలం: చలిప్రాంతపు చెట్లు ఎదుగుదల ఆపి ఉండే శీతకాలపు దశ.
లింగ్నాన్ శైలి: కొమ్మలను పెంచుతూ, కత్తిరిస్తూ రూపం దిద్దే దక్షిణ చైనా పద్ధతి.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. బోన్సాయ్ కళ చైనా నుంచి ఇతర ప్రాంతాలకు వ్యాపించిన క్రమంలో చెట్ల జాతుల ఎంపిక ఎలా మారిందో వివరించండి.
2. మొగల్తూరు వంటి తీరప్రాంత గ్రామంలో తొలి బోన్సాయ్‌కు చెట్టును ఎంచుకోవడంలో పాటించవలసిన ప్రమాణాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. రాక్స్‌బర్గ్ సామర్లకోట కృషిని గురించి రాయండి.
2. 'స్థానిక చెట్టు' అనే భావనను సీమచింత ఉదాహరణతో వివరించండి.
3. మీ ఊరిలో గోడలపై, తాటిచెట్లపై మొలిచిన మొక్కలను పరిశీలించి, వాటిలో బోన్సాయ్‌కు తగిన వాటిని కారణాలతో పేర్కొనండి.